పాత పిన్నులు: నిల్

సెల్‌ఫోనుకి పాత పిన్ను ఉన్నవాళ్ళ ఆధార్ కార్డు ఆగిపోతుందట. ఈ మాట చంద్రమౌళికి వాళ్ళ బావమరిది చెప్పాడు. బావమరిదికి నీళ్ళ ట్యాంకరు నడిపే ఆయన చెప్పాడు. ట్యాంకరాయనకి ఎవరు చెప్పారో తెలియదు గానీ ఆయన మాట ఇంతవరకూ తప్పింది లేదు. నీళ్ళు రావని ఆయన అన్న ప్రతిరోజూ నీళ్ళు రాలేదు.

"ఆధారొకటే కాదు బావా," అన్నాడు చంద్రమౌళి, తన జిరాక్సు షాపులోంచి తల బయటికి పెట్టి. "ఇంట్లో పాత పిన్ను దొరికితే గేసు బండ కూడా ఇవ్వరంట. మా బావమరిది ఒట్టేసి మరీ సెప్పేడు."

పక్క షాపులో ఫరూఖ్ కంటికి అద్దం తగిలించుకుని ఒక ఫోను కడుపు విప్పుతున్నాడు. "గేసుకీ పిన్నుకీ ఏటి సంబంధం?" అన్నాడు తల ఎత్తకుండానే.

"సంబంధం ఉంటే గవర్నమెంటెందుకు సేత్తాది బావా?"

ఫరూఖ్ ఇంకో స్క్రూ విప్పాడు. అనకాపల్లిలో మెయిన్ రోడ్డు నుంచి బెల్లం మార్కెట్‌కి తిరిగే సందులో పన్నెండేళ్ళుగా అతను సెల్లు రిపేరు చేస్తున్నాడు. తల్లి అమీనాబీ, భార్య అతియా, కూతురు తహ్మీనా, ఇల్లంతా ఆ ఒక్క షట్టరు కిందే బతుకుతోంది. పిన్నుల సంగతి అతనికి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. పాత పిన్ను ఒకవైపు పెడితేనే దూరుతుంది, తిరగేస్తే మొరాయిస్తుంది. కొత్తగా వచ్చిన సి పిన్ను ఎటు పెట్టినా దూరుతుంది. ప్రభుత్వానికి రెండోది నచ్చడంలో అతనికి వింతేమీ కనిపించలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే మైకు కట్టిన ఆటో సందులోకి వచ్చింది.

"ప్రజలారా! మన అనకాపల్లి రాష్ట్రంలోనే మొట్టమొదటి పాత పిన్ను రహిత పట్టణంగా అవతరించింది! ఈ చారిత్రక విజయాన్ని అభినందించడానికి గౌరవ మంత్రివర్యులు శనివారం స్వయంగా విచ్చేస్తున్నారు! కావున ఈలోగా మీ ఇళ్ళలో ఉన్న పాత పిన్నులన్నీ తెచ్చి అప్పగించవలెను!"

"అవతరించేసినాదంటన్నాడు, మళ్ళీ అప్పగించమంటాడేటి?" అన్నాడు చంద్రమౌళి.

ఆ రెండు వాక్యాల నడుమనే ఉంది త్రినాధరావు గారి ప్రతిభంతా.

త్రినాధరావు గారు కామన్ చార్జింగ్ పోర్టు అమలుకి నోడల్ ఆఫీసరు. ఏ కంపెనీ ఫోనుకైనా ఒకే రకం పిన్ను ఉండాలన్న ఆర్డరు సోమవారం సాయంత్రం నాలుగూ నలభైకి ఆయన టేబులు మీదకి వచ్చింది. ఐదింటికల్లా రిపోర్టు పంపాలని దాని నెత్తినే రాసి ఉంది. ఆర్డరు పదకొండు పేజీలు. ఇకమీదట అమ్మకానికి వచ్చే కొత్త వస్తువులకే ఈ నియమం అన్న ముక్క మూడో పేజీలో ఉంది. కానీ మూడో పేజీ దాకా వెళ్ళినవాడు వేళకి రిపోర్టు పంపగా ఆయన తన ఇరవై రెండేళ్ళ సర్వీసులో చూడలేదు. అందుచేత 'విషయం' అన్నచోట ఉన్న ఒక్క వాక్యం చదివి, జతచేసిన ప్రొఫార్మాలో 'మీ పరిధిలో ఉన్న పాత పిన్నులు ఎన్ని?' అన్న గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో 'నిల్' అని రాసి, నాలుగూ యాభై రెండుకి పంపేశారు.

నిల్ అన్న మాటకి ఆఫీసుల్లో ఉన్న మర్యాద బయటివాళ్ళకి తెలియదు. ఒకటి అని రాస్తే ఆ ఒకటి ఎందుకుంది, ఎవరిది, ఎన్నాళ్ళనుంచి ఉంది అని పది మెమోలొస్తాయి. నిల్‌ని ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట మీద త్రినాధరావు గారి నిష్ఠ ఎలాంటిదంటే, ఊళ్ళో కుక్కల బెడద నిల్ అని రాసిన సాయంత్రమే ఆయన్ని పిక్క మీద కుక్క కరిచింది. ఫైలు చెడిపోతుందని ఆయన ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళి ఇంజక్షన్లు చేయించుకొచ్చారు. అంతటి మనిషి.

మిగతా ఊళ్ళవాళ్ళంతా గడువు అడిగారు. అనకాపల్లి ఒక్కటే పన్నెండు నిమిషాల్లో పాత పిన్నుల్ని నిర్మూలించింది. మొదటి ర్యాంకు వచ్చింది. ర్యాంకు వచ్చాక మంత్రిగారు చూడటానికి వస్తున్నానన్నారు. నిల్‌ని చూడటానికి ఒక మనిషి పనిగట్టుకుని వస్తాడని త్రినాధరావు గారు ఎన్నడూ అనుకోలేదు. అయినా చెక్కు చెదరలేదు. ఊరు చూసి రిపోర్టు రాయడం ఎవరైనా చేస్తారు. రిపోర్టు చూసి ఊరిని సరిచేయడానికి ఆయన బుధవారం పొద్దున్నే బయలుదేరారు.

మొదట వచ్చింది ఫరూఖ్ షాపుకే. వెంట అటెండరు సత్తియ్య, భుజాన మడత పెట్టిన గోనె సంచులు.

"ఫరూఖ్ మీరేనా? మిమ్మల్ని మా టెక్నికల్ పార్ట్‌నర్‌గా అపాయింట్ చేశాం. కంగ్రాచ్యులేషన్స్."

"నేనెప్పుడు అప్లై సేసేను సార్?"

"చేయలేదు. అయినా ఇచ్చాం. అదే మా పారదర్శకత." ఆయన ఒక కాగితం బల్ల మీద పెట్టారు. 'పట్టణమంతా స్వయంగా పరిశీలించితిని. పాత పిన్ను అనునది ఎచ్చటనూ లేదని ధ్రువీకరించుచున్నాను.' కింద ఫరూఖ్ పేరు ముందే టైపు చేసి ఉంది. ఆఫీసు సీలు కూడా పడి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"ఊరంతా ఉన్నాయి కద సార్! నా డ్రాయర్లోనే రెండొందలకి తక్కువుండవు."

"రిపోర్టు ప్రకారం మీ డ్రాయరు ఖాళీ. అది ఖాళీ అయ్యేదాకా సత్తియ్య ఇక్కడే నిలబడతాడు. సంతకం కాకపోతే షాపుకి తాళం వేసి సీలు వేస్తాను. వ్యక్తిగతంగా నాకు మీమీద ఏ కోపమూ లేదు."

నిజంగానే ఆయన ముఖంలో కోపం లేదు. సీలుకి లక్క, అగ్గిపెట్టె మాత్రం జేబులో ఉన్నాయి.

"కన్వర్టర్లని ఉన్నాయి సార్," అన్నాడు ఫరూఖ్ ఆఖరి ప్రయత్నంగా. "ఒకపక్క పాతది, ఒకపక్క కొత్తది. అయ్యి తగిలిత్తే ఎవలి సామాను ఆళ్ళ దగ్గరే ఉంటాది, పనీ జరిగిపోతాది."

"వాటినే ముందు తీయ్," అన్నారు త్రినాధరావు గారు సత్తియ్యతో. "అటు కొంత ఇటు కొంత ఉండేవాళ్ళతోనే ఎప్పుడూ చిక్కు."

ఫరూఖ్ షట్టరు వైపు ఒకసారి చూసుకుని సంతకం పెట్టాడు.

బెల్లం మార్కెట్‌లో ఖాళీగా ఉన్న ఒక గోదాము సేకరణ కేంద్రమైంది. జనం బారులు తీరారు. ఆధార్ మాట, గేసు మాట అప్పటికే ఊరంతా తిరిగొచ్చాయి. ఒకాయన గడ్డం గీసే మిషను తెచ్చాడు. ఒకావిడ పిల్లాడి బొమ్మ కారు తెచ్చింది, వెనకాలే పిల్లాడు ఏడుస్తూ వచ్చాడు. దోమల బ్యాటు తెచ్చినాయన్ని సత్తియ్య సందేహంగా చూశాడు.

"దీనికి పిన్నే లేదు కదయ్యా. తిన్నగా గోడకే పెడతారు."

"ఉంచండి బాబూ, రేపు దీన్నీ అడుగుతారు. మళ్ళీ లైనెవడు కడతాడు?"

ఇచ్చినవాళ్ళకి కొత్త చార్జర్లేమైనా ఇస్తారా అని ఎవరో అడిగారు. ఇచ్చారు. చార్జరు కాదు, రంగు కాగితం మీద 'పిన్ను విముక్తి పత్రం'. చంద్రమౌళి షాపులోనే నాలుగు వేలు జిరాక్సు తీయించారు కాబట్టి ఆ ఉద్యమం మీద అతని అభిప్రాయం సాయంత్రానికల్లా మారిపోయింది. "ఎంతైనా మార్పు రావాల బావా," అన్నాడు ఫరూఖ్‌తో.

సాయంత్రానికి పదహారు సంచులు నిండాయి. అప్పుడు త్రినాధరావు గారికి ఒక సూక్ష్మం తట్టింది. సంచుల్లో ఉన్నా సరే, ఊళ్ళో ఉన్నట్టే లెక్క. వెంటనే వ్యాను పిలిచి, సంచులెక్కించి నాతవరం వైపు తోలించారు. అక్కడివాళ్ళు సంచులు దించనివ్వలేదు, వాళ్ళకీ గడి ఉంది కదా. రోలుగుంటలో మంచినీళ్ళిచ్చి సాగనంపారు. రావికమతంలో అవీ ఇవ్వలేదు. దాంతో వ్యాను ఆ మూడూళ్ళ మధ్య తిరుగుతూ ఉండిపోయింది. ప్రతి సాయంత్రం ఐదింటికి మాత్రం ఏ ఊరి పొలిమేరలోనూ ఉండకుండా చూసుకోమని డ్రైవరుకి రాతపూర్వకంగా ఆదేశాలు వెళ్ళాయి.

గురువారం లూర్దు మేరీ ఫరూఖ్ షాపుకి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. బళ్ళో ఆయాగా చేసేది. చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆవిడే. చెవులు పోయాక, అందరూ పాట ముగించి కూర్చున్నా ఆవిడొక్కతే నిలబడి ఇంకో చరణం పాడుతుండేది. పిల్లలు నవ్వడం కనపడింది. అప్పట్నుంచి ఆఖరి బెంచీలో నోరు మూసుకుని కూర్చునేది. నాలుగు ప్రభుత్వ క్యాంపులు తిరిగితే పోయిన నెల ఒక చెవి మిషను దొరికింది. దాన్ని రోజూ ఒక చిన్న డబ్బాలో పెట్టి చార్జింగు పెట్టాలి. ఆ డబ్బాకి ఉన్నది పాత పిన్ను.

"ఈ ఆదివారం మా మనవరాలు సుజి పాడతాది ఫరూకూ," అంది ఆవిడ, బల్ల మీద డబ్బా, చార్జరు పక్కపక్కన పెట్టి. "అందరితో కాదు, ఒక్కర్తీ. పాస్టరుగారు ఒప్పుకున్నారు. పిల్లకి తొమ్మిదేళ్ళొచ్చీసినాయి, దాని పాట నేనింకా ఇన్లేదు. ఈలోపల సత్తియ్య ఇంటింటికీ వచ్చి సార్జర్లట్టుకుపోతన్నాడంట. నువ్వే ఏదోటి సెయ్యాల."

ఫరూఖ్ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్త పిన్ను ఎయ్యాలంటే దీన్ని పగలగొట్టాల మామ్మా. మళ్ళీ అతకదు."

"నీ దగ్గర ఇంకో రకం లేదేటి?"

"నా దగ్గర స్క్రూడ్రైవరొక్కటే మిగిలినాది."

ఆవిడ డబ్బాని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. ఆవిడ చంకలో జిప్పు కవరు వేసిన లావుపాటి బైబిలు ఉంది. ఫరూఖ్ దానికేసి చూశాడు. తరవాత సందు రెండు వైపులా చూశాడు.

"అదిలాగియ్యి మామ్మా."

కవరు జిప్పు తీసి, అట్ట వెనకాల సందులో చార్జరు వైరు చుట్టి పెట్టి, మళ్ళీ జిప్పు లాగేశాడు. "సత్తియ్య దీని జోలికి రాడు. ఆడికి పాపభీతి ఎక్కువ."

"నీకేటీ అవదు కదా బాబూ?"

"నాకేటవుతాది? ఊళ్ళో పాత పిన్ను లేదని నేను సంతకం ఎట్టీసేను. లేనిదాన్ని దాచడం తప్పెలాగవుతాది? ఒక్కటి మాత్రం. శనివారం ఆ మీటింగు వైపు రాకు."

ఆవిడ రానంది. కానీ శుక్రవారం త్రినాధరావు గారు లబ్ధిదారుల జాబితా రాస్తూ ఆవిడ పేరు దగ్గర ఆగిపోయారు. మహిళ, వృద్ధురాలు, వికలాంగురాలు, మైనారిటీ. ఒక్క కుర్చీ వేస్తే నాలుగు గడులు నిండుతున్నాయి. ఇలాంటి అవకాశం సర్వీసులో మళ్ళీ మళ్ళీ రాదు. శనివారం పొద్దున్న సత్తియ్య ఆటో తీసుకెళ్ళి ఆవిణ్ణి ఎక్కించుకొచ్చాడు. బైబిలు లేకుండా ఆవిడ గడప దాటదు.

మార్కెట్ యార్డులో షామియానా. వెనకాల జనం నేల మీద, ముందు వరసలో లబ్ధిదారులు కుర్చీల్లో. వాళ్ళ కోసం రెండు పెద్ద స్టాండు ఫ్యాన్లు బర్రుమని తిరుగుతున్నాయి. ఫ్యాన్ల ప్లగ్గు పెట్టె లూర్దు మేరీ కుర్చీ పక్కనే ఉంది. ఫరూఖ్‌కి టెక్నికల్ పార్ట్‌నర్ అని బ్యాడ్జీ తగిలించి స్టేజి మెట్ల దగ్గర నిలబెట్టారు. ముందు వరసలో ఆ జిప్పు కవరు కనపడగానే అతను సత్తియ్య ఎక్కడున్నాడా అని చుట్టూ చూశాడు.

మంత్రిగారు వైర్లంటే గిట్టని మనిషి. ఆయన కోసమే కార్డ్‌లెస్ మైకు తెప్పించారు. లేచి నిలబడ్డారు. చప్పట్లు.

"సోదర సోదరీమణులారా! ఒకే ఊరు, ఒకే పిన్ను, ఒకే..."

మైకు మీద ఎర్ర దీపం మూడుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నారు త్రినాధరావు గారు మైకు సెట్టు అతన్ని పట్టుకుని.

"సార్జింగు లేదు సార్."

"పెట్టకుండా ఏం చేస్తున్నావ్?"

"దీని సార్జరు బుధవారం మీరే అట్టుకుపోయేరు. ఇదిగోండి, పత్రం కూడా ఇచ్చేరు."

వ్యాను డ్రైవరుకి ఫోను చేశారు. స్విచాఫ్. అతని చార్జరూ సంచిలోనే ఉంది.

మంత్రిగారు మాత్రం ఆగే రకం కాదు. మైకు లేకుండానే అందుకున్నారు. చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి, నోరు కదులుతోంది. ఫ్యాన్ల హోరులో ముందు వరసకే వినపడటంలేదు, ఇక వెనకవాళ్ళ మాట చెప్పాలా?

"ఏటంటన్నాడు?" అని ఒకడు.

"తెల్దు. సెయ్యి పైకెత్తితే సప్పట్లు కొట్టు," అని ఇంకొకడు.

ఒక్క లూర్దు మేరీ మాత్రం మిషను సౌండు చివరికంటా పెంచుకుని, మెడ ముందుకి చాపి, పరీక్ష రాసే పిల్లలా వింటోంది.

పావుగంటకి మంత్రిగారి గొంతు జీరబోయింది. ఆయన వెనక్కి తిరిగి త్రినాధరావు గారిని ఒక్క చూపు చూశారు. కుక్క కరిచినప్పుడు కూడా చెదరని మనిషి ఆ చూపుకి చెదిరారు. గబగబా మెట్లు దిగి ఫరూఖ్ చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్క పాత పిన్ను. ఒక్కటంటే ఒక్కటి. మీ షాపులో ఏ మూలైనా ఉంటుంది."

ఫరూఖ్ కళ్ళు కుర్చీ వైపు పోబోయాయి. బలవంతంగా వెనక్కి తిప్పుకున్నాడు. ఉందంటే షాపు పోతుంది. షాపు సంగతి అలా ఉంచినా, రేపు ఆదివారం.

"నిల్ సార్."

"రిపోర్టు మాటలు నాకొద్దు! నిజం చెప్పు!"

"నిజమే సార్. నా సంతకముంది, మీ సీలుంది."

వీళ్ళు గుసగుసలే ఆడుకున్నారు. కానీ నాలుగడుగుల దూరంలో మిషను ఫుల్లు సౌండులో ఉంది. లూర్దు మేరీ త్రినాధరావు గారు ఫరూఖ్ చెయ్యి వదలకపోవడం చూసింది. స్టేజి మీద మంత్రిగారు దగ్గడం విన్నది. జిప్పు తీసింది.

"ఇదిగో బాబూ, దీంతో అవుతాదేమో సూడండి. ఆ బాబు గొంతుక్కి ఏటైనా అయిపోగల్దు."

ఫరూఖ్ కళ్ళు మూసుకున్నాడు.

త్రినాధరావు గారు చార్జరుని రెండు చేతులా అందుకున్నారు. చూసిన మరుక్షణం జప్తు చేయవలసిన వస్తువు, మరుక్షణం లోపే గుచ్చవలసిన వస్తువు, రెండూ ఒకటే అయినప్పుడు ఏం చేయాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు. అయినా ఆయన తడుముకోలేదు. "మంత్రిగారి ప్రసంగం అయ్యేదాకా ఇది ఉంటుంది," అన్నారు ఫరూఖ్ చెవిలో. "అవగానే ఉండదు. నీ షాపూ ఉండదు."

అదీ లూర్దు మేరీకి వినపడింది.

చార్జరు వైరు మూరెడు. ప్లగ్గు పెట్టె ఆవిడ కుర్చీ పక్కన. వైర్లంటే గిట్టని మంత్రిగారు మైకు వెంబడి స్టేజి దిగివచ్చి, ఆవిడ పక్క కుర్చీలో నడుం వంచుకుని కూర్చోవలసి వచ్చింది. పక్క కుర్చీలో ఉన్న నాలుగు గడుల లబ్ధిదారుని చూసి కెమెరాలు పరిగెత్తుకొచ్చాయి. పచ్చ దీపం వెలిగింది. ఎవరో ఫ్యాన్లు ఆపేశారు. గొంతు ఖంగుమని యార్డంతా, యార్డు దాటి సందులోని చంద్రమౌళి షాపు దాకా వినపడింది.

"చూశారా! ఇంతసేపూ మైకు లేకపోయినా ఈ తల్లి కదలకుండా కూర్చుని నా ప్రసంగం విన్నది! ప్రభుత్వం ఇచ్చిన చెవులతో విన్నది! అవునా అమ్మా?"

మైకు ఆవిడ మూతి దగ్గర పెట్టారు.

"ఇన్నాను బాబూ. మొదట్నుంచీ ఒక్క మాట ఒగ్గకుండా ఇన్నాను."

చప్పట్లు. మంత్రిగారు పొంగిపోయారు. "పాపం, వెనకాల ఉన్న ప్రజలకి వినపడలేదు. నేనేం చెప్పానో మీ నోటితోనే వాళ్ళకి చెప్పండమ్మా. ఉన్నదున్నట్టు చెప్పండి."

లూర్దు మేరీ ఆలోచించింది. దాటవేసే మనిషి కాదు. నుదురు ముడిచి, మొదట్నుంచి చివరిదాకా అంతా మళ్ళీ ఒకసారి గుర్తు తెచ్చుకుంది. నేల మీద కూర్చున్నవాళ్ళు వినడానికి మోకాళ్ళ మీదకి లేచారు.

"నువ్వేటీ సెప్పలేదు బాబూ," అంది ఆవిడ మైకులో. "నా సార్జరిచ్చెయ్యి, ఎల్లిపోతాను. రేపు మా సుజి పాటుంది."